చెక్కకు చేవ

మనవాళ్లు మనిషిని కొలవడానికి చెట్టు దగ్గర మాట అరువు తెచ్చుకున్నారు. "వాడిలో చేవ ఉందిరా" అంటాం. "చేవ చచ్చినవాడు" అని తిడతాం కూడా. ఈ మాట అసలు పుట్టినచోటు వడ్రంగి కొట్టం. మాను అడ్డంగా కోస్తే మధ్యలో ముదురు రంగులో గట్టిగా కనపడేదే చేవ. దాని చుట్టూ ఉండేది లేత రంగు తెల్ల చెక్క. టేకు దుంగ కొనబోయే రైతు పొడుగూ లావూ తర్వాత చూస్తాడు, ముందు కోత ముఖం చూస్తాడు. చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత అన్నదే బేరం. తెల్ల చెక్క పుచ్చిపోతుంది, చేవ నిలబడుతుంది. తాడిచెట్టు దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. దానికి గట్టితనమంతా పైనే, లోపలంతా దూదిలాంటి బెండు. అంచేతనే తాటి దూలం చీల్చేటప్పుడు లోపలి మెత్తదనం చెక్కేసి పై భాగం వాడుకుంటారు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివింది కాదు. మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నాన్నకు కొబ్బరితోటా, కాస్త వరీ, అరెకరం దొండ పందిరీ ఉన్నాయి. నేను ఇక్కడ హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. కెమిస్ట్రీ నా అభిమాన విషయం. ఐతే కెమిస్ట్రీ అనేది ప్రయోగశాలలో బీకర్ల మధ్య ఉండేదే తప్ప మా పందిరి గుంజల్లోనూ, ఎక్కడో అమెరికాలో మా అక్క వాళ్ల ఇంటి వెనకాలా ఉంటుందని పోయిన ఏడాది దాకా నాకు తోచలేదు. ఆ సంగతి మీతో చెప్పుకుందామనే ఈ వ్యాసం.

ముందు మా ఊరి సంగతి. దొండ పందిరికి సరుగుడు గుంజలు పాతుతాం. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి గుంజ విరిగిపోతుంది. ఎక్కడ విరుగుతుందో గమనించారా? పైన విరగదు, పాతిన గోతి అడుగునా విరగదు, సరిగ్గా నేల మట్టం దగ్గర విరుగుతుంది. పీకి చూస్తే అడుగు కొస కొంచెం గట్టిగానే ఉంటుంది. చిన్నప్పుడు నాకిదొక వింత. నీళ్లు ఎక్కువ ఉండేది అడుగునే గదా, మరి అక్కడ ముందు ఎందుకు పుచ్చదు?

జవాబు వృక్షశాస్త్రం క్లాసులో దొరికింది. చెక్కను తినేది నీరు కాదు, బూజు జాతి శిలీంధ్రాలు. వాటికి నాలుగు కావాలి: తిండి, తడి, గాలి, వెచ్చదనం. తిండి చెక్కే. వెచ్చదనానికి మన దేశంలో కొదవ లేదు. ఇక తడి, గాలి. చెక్కలో తేమ దాని పొడి బరువులో 20 శాతానికి లోపుంటే శిలీంధ్రం బతకలేదు. పూర్తిగా నీళ్లలో మునిగితే గాలి చాలక బతకలేదు. అందుకే పాత బావుల అడుగున నీళ్లలో ఉండిపోయిన చెక్క ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. తడీ గాలీ రెండూ సమానంగా దొరికేది నేల మట్టం దగ్గరే. గుంజకు అక్కడే ఆయువు తీరుతుంది. ఇక చెదపురుగులకూ దారి అదే.

మన పెద్దలకు శిలీంధ్రం అన్న మాట తెలియకపోవచ్చు గాని దాని గుణం తెలుసు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఒక పాత మండువా ఇల్లుంది. మండువా చుట్టూ టేకు స్తంభాలు. ఒక్కటి కూడా నేలలో దిగలేదు. ప్రతి స్తంభం కిందా ఒక రాతి దిమ్మ. నేల తడి రాయి దాటి చెక్కలోకి ఎక్కదు. పైన చూరు బాగా ముందుకు దింపారు, జల్లు స్తంభానికి కొట్టకుండా. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు ఊళ్లో కొబ్బరిచెట్లు కుప్పలుగా పడిపోయినా ఆ స్తంభాలు కదల్లేదని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ ఇంట్లో పుచ్చినచోటు ఒక్కటే, పెరటి వైపు దూలం గోడలోకి దూరినచోట. పైన పెంకు జారి నీళ్లు గోడలోకి దిగాయి, దిగిన నీళ్లు ఆరే దారి లేకపోయింది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇక అక్క వాళ్ల సంగతి. బావ ఉద్యోగం అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో. గాల్వెస్టన్ అఖాతం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో పాత ఇల్లు కొనుక్కున్నారు, 1998లో కట్టింది. అది మన కోనసీమకు వేలు విడిచిన చుట్టం లాంటి ప్రాంతం: ఉప్పుగాలి, ఉక్కపోత, తుఫాన్లు, చెదలు. నీళ్లు వస్తాయన్న భయంతో ఇల్లు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున స్తంభాల మీద కట్టారు. వెనక తలుపు తీస్తే గాలిలో తేలినట్టు ఒక చెక్క వేదిక. దాన్ని డెక్కు అంటారు. మన అరుగుకూ మేడమీద వరండాకూ మధ్యరకం అనుకోండి. పైకప్పు ఉండదు. ఎండా వానా నేరుగా దాని మీదే. పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడుగు. ఒక వైపు ఇంటి గోడకు బిగించి, రెండో వైపు దూలం మీదా స్తంభాల మీదా నిలబెట్టారు.

అటువంటి చోట టేకు వేస్తే నిలబడుతుంది గాని ఎవరి తరం? అక్కడ దొరికేది ఒక జాతి చెట్టు, పైన్ అంటారు. తొందరగా పెరుగుతుంది, తెల్ల చెక్క ఎక్కువ, చేవ తక్కువ. ఊరికే వదిలేస్తే మన సరుగుడు గుంజకు పట్టిన గతే దానికీ పడుతుంది. మరి అంత చవక చెక్కతో తుఫాను తీరంలో లక్షల ఇళ్లకు డెక్కులెలా కట్టుకున్నారు?

చెక్కకు మందు తాగించి. పైన పూసిన మందు చర్మం దాటి దిగదు. లోపలికి దిగాలంటే బలవంతం చెయ్యాలి. చెక్కలను రైలు పెట్టెలాంటి పెద్ద ఇనప గొట్టంలో పెట్టి మూత బిగిస్తారు. మొదట లోపలి గాలినంతా లాగేస్తారు, చెక్క కణాల్లోని గాలితో సహా. తర్వాత మందు ద్రావణం వదులుతారు. ఆ పైన చదరపు అంగుళానికి 150 పౌన్ల వరకూ ఒత్తిడి పెడతారు. ఖాళీ అయిన కణాల్లోకి మందు దూసుకుపోతుంది. ఈ పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన 1838లోనే పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో మందు బొగ్గుతారు నుంచి తీసిన క్రియోసోట్ నూనె. రైలు పట్టాల కింది చెక్కలకు అదే తాగించేవారు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. చేవ భాగం ఈ మందు తాగదు. దాని దారులన్నీ అప్పటికే జిగురులతో మూసుకుపోయి ఉంటాయి. తాగేది తెల్ల చెక్కే. మన వడ్రంగి తీసిపారేసే భాగమే ఈ విద్యకు ముడిసరుకన్నమాట.

క్రియోసోట్ నల్లగా, జిడ్డుగా, ఘాటు వాసనతో ఉంటుంది. ఇంటి వేదికకు పనికిరాదు. నీళ్లలో కరిగే లవణాలు తాగిస్తే వాసన ఉండదు గాని మొదటి వానకే కరిగి కారిపోతాయి. ఈ చిక్కు విప్పినది ఎవరనుకున్నారు? 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన సొంటి కామేశం గారు. ఆ ఇంటిపేరు చదివి నేను లైబ్రరీలో కుర్చీలోంచి లేచినంత పని చేశాను. రాగి, ఆర్సెనిక్, క్రోమియం మూడింటి లవణాలు కలిపారాయన. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది. ఆర్సెనిక్, అంటే పాషాణంలోని మూలకం, పురుగును చంపుతుంది. క్రోమియం ఈ రెంటినీ చెక్కకు పట్టి ఉంచుతుంది. ఆరు సంయోజకతతో లోపలికి పోయిన క్రోమియం చెక్కలోని పదార్థాలతో చర్య జరిపి మూడు సంయోజకతకు దిగుతుంది. ఆ దిగడంలో రాగినీ ఆర్సెనిక్‌నీ కరగని రూపంలో బంధించేస్తుంది. ఆర్సెనిక్, రాగి గుర్తులు కలిపి ఆ మందుకు ఆస్కు అని పేరు పెట్టారు. 1938లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. 1970ల నుంచి అమెరికాలో ఇళ్ల బయట వాడిన మందు చెక్కలో అధిక భాగం ఆ మూడు మూలకాల చెక్కే. డెహ్రాడూన్‌లో కలిపిన మిశ్రమం మీద అక్కడ రెండు మూడు తరాల పిల్లలు ఆడుకున్నారు. మనలో ఎంతమందిమి ఆ పేరు విన్నాం?

2024 మే నెలలో అక్కకు పాప పుట్టింది. పురుటికని అమ్మా నాన్నా అంతకు ముందే వెళ్లారు. ఇరవయ్యొకటో రోజు బారసాల. బావ స్నేహితులూ, చుట్టుపక్కల తెలుగువాళ్లూ నలభై మందిని పిలిచారు. ఇంట్లో చోటు చాలదు. సముద్రపు గాలి తగిలేటట్టు డెక్కు మీద ఊయల కట్టి, అక్కడే భోజనాలు పెడదామని అక్క ముచ్చట.

నాన్నకు చెయ్యి ఊరుకోదు. పొలం లేని చోట ఆయనకు పొద్దు గడవదు. వేడుకకు వారం ముందు డెక్కు కిందకు పోయి ఒక్కో చెక్కా చేత్తో తట్టి చూడడం మొదలుపెట్టారు. స్తంభాలు ఖణేల్‌మన్నాయి. పలకలు బూడిద రంగుకు తిరిగాయి గాని గట్టిగానే ఉన్నాయి. డెక్కు ఇంటిని పట్టుకున్నచోట ఒక పొడుగాటి పలక గోడకు కొట్టి ఉంటుంది. దాన్ని లెడ్జర్ అంటారు. డెక్కు బరువులో సగం దాని మీదే. అక్కడ తడితే శబ్దం మారిందట.

వాళ్లకు ఉదయం ఎనిమిదయ్యేసరికి మనకు సాయంత్రం ఆరున్నర. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని వీడియోలో చూస్తున్నాను. నాన్న స్క్రూడ్రైవరు తీసుకుని లెడ్జర్‌కూ గోడకూ మధ్య సందులో దూర్చారు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే కొసన తడి పొట్టు.

"అల్లుడుగారూ, ఈ పలకకేం కాలేదండి. దీని ఎనకాల ఉన్న ఇంటి చెక్కే పోయింది. మేకులు పట్టుకోడానికి అక్కడ ఏం లేదండి" అన్నారు.

బావ నెమ్మదస్థుడు. "కొన్నప్పుడు ఇల్లంతా చూసి కాయితం ఇచ్చారండి మావయ్యగారూ. ఇన్నాళ్లూ మేమంతా తిరుగుతూనే ఉన్నాం గదండి" అన్నాడు.

"మీరిద్దరు తిరిగితే వేరండి. నలభై మంది ఒక్కసారి ఎక్కితే వేరు. మా అత్తగారింట్లో దూలం కూడా ఇలాగే, గోడలో దూరినచోటే పోయింది. పైకి నిగనిగలాడుతూనే ఉంది."

అక్క మొహం చిన్నబోయింది. పిలుపులు అయిపోయాయి. ఊయలకు పూలు కూడా చెప్పేశారు. ఇంగ్లీషు రాని ఒక రైతు చేతిచప్పుడు ఒకవైపు, చదువుకున్నవాళ్లు సంతకం పెట్టిన కాయితం ఒకవైపు. ఆ క్షణాన ఆ ఇంట్లో నాన్న పరువు కూడా తూకంలో ఉందని నాకు అనిపించింది. ఆయన అల్లుడి ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడారు. "నా మాట కాదని ఎక్కితే నేనూ మీ అత్తగారూ కింద నిలబడతాం. పాపను మాత్రం ఎక్కించనివ్వను" అన్నారు.

బావ నా వైపు తిరిగి, "ఏవమ్మా సైన్సు మరదలా, నువ్వేమంటావు?" అన్నాడు.

నేను కాయితం తీసి లెక్క వేశాను. అక్కడి నిబంధనల ప్రకారం డెక్కు చదరపు అడుగుకు 40 పౌన్ల బరువు మొయ్యాలి. పన్నెండు పదహార్లు 192 చదరపు అడుగులు. అంటే 7,680 పౌన్లు, మన లెక్కలో సుమారు మూడున్నర టన్నులు. మనిషికి 65 కిలోల చొప్పున నలభై మందీ 2,600 కిలోలు. డెక్కు సరిగా ఉంటే మొయ్యాల్సిందే. దాంట్లో సగం, అంటే 1,300 కిలోలు, లెడ్జర్ మీద పడతాయి. అది పట్టుకున్నది బోల్టులతోనా మేకులతోనా అని అడిగాను. బావ టార్చి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఒక్క బోల్టు లేదు. అన్నీ మేకులే, తలలు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ పైన బావ మాట్లాడలేదు. లోపలికి వెళ్లి తలుపుకు గొళ్లెం పెట్టి, అడ్డంగా కుర్చీ వేశాడు.

బారసాల హాల్లోనూ, ఇంటి కింద కార్లు పెట్టే చోటులోనూ ఇరుకిరుకుగా జరిగింది. తర్వాత వారం ఒక వడ్రంగి వచ్చాడు, మెక్సికో నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. పైపలకలు తీసేసి, అడ్డ వాసాల కింద ముందుజాగ్రత్తగా ఊతాలు పెట్టి, లెడ్జర్ సందులో గునపం పెట్టి ఒక్క ఊపు ఊపాడు. రెండో ఊపు అక్కర్లేకపోయింది. పదహారు అడుగుల పలక మేకులతో సహా చేతిలోకి వచ్చేసింది. దాని వెనక ఇంటి అంచు దూలం తడిసిన కొబ్బరి పీచులా రాలింది. అక్క ఒళ్లో పాపను పట్టుకుని అదంతా చూసి, ఏమీ అనకుండా నాన్న దగ్గరికి వెళ్లి పక్కన నిలబడింది.

జరిగిందేమిటంటే, డెక్కు చెక్కకు మందు ఉంది, దాని వెనక ఇంటి చెక్కకు లేదు. రెంటి మధ్యా వాననీరు దిగకుండా పైన వంచిన రేకు ఒకటి వెయ్యాలి. కట్టినవాళ్లు అది వెయ్యలేదు. దిగిన నీరు ఆరే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. మందు పెట్టిన చెక్క నిక్షేపంగా ఉండి, తనను మోసే చెక్కను కనబడకుండా దాచింది. చెక్కకు మందుంది గదా అన్న ధీమాయే ప్రమాదం. అమెరికాలో డెక్కులు కూలడానికి ముఖ్యకారణాల్లో ఇలా గోడ దగ్గర ఊడిపోవడమే మొదటిదని తర్వాత చదివాను.

అక్కడితో నా పని ఐపోలేదు. తీసిన పలకలు దొడ్లో గుట్టగా పడి ఉన్నాయి. మన ఇళ్లల్లో ఎండిన చెక్కముక్క కనపడితే పొయ్యిలోకో, కాగు కిందకో పోవలసిందే. అమ్మ అప్పటికే నాలుగు ముక్కలు వేరుచేసి, మసాలా వేయించడానికి బయట మూడు రాళ్ల పొయ్యి పెడదామంటోంది. ఇల్లు 1998 నాటిదంటే అది ఆర్సెనిక్ చెక్కే అయి ఉంటుందని నేను గాభరాగా చెప్పాను. చెక్కలో బంధించి ఉన్నంతవరకూ దాని బాధ తక్కువ. కాలిస్తే ఆ బంధం తెగిపోతుంది. కొంత ఆర్సెనిక్ పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో పోగవుతుంది. ఆ బూడిద మొక్కలకు వేసినా, గిన్నెలు తోమినా ప్రమాదమే. అమ్మకు ఇంకో ముచ్చట కూడా ఉంది. డెక్కు స్తంభాల మొదట్లో గోంగూర విత్తనాలు చల్లింది. ఏళ్ల తరబడి వానకు ఆ చెక్కల నుంచి కొద్దికొద్దిగా కారినది ఆ మట్టిలోనే ఉంటుంది. గోంగూర తొట్లలోకి మారింది. పలకలు పురపాలకం వాళ్లు చెప్పినచోటికి బండి మీద పోయాయి.

అమెరికాలో 2003 డిసెంబరు 31 తర్వాత ఇళ్ల వాడకానికి చెక్కకు ఈ ఆర్సెనిక్ మందు పెట్టడం ఆపేశారు. చెక్క మీద చేతులు రుద్దుకుని, ఆ చేతులే నోట్లో పెట్టుకునే పిల్లల గురించిన భయమే ముఖ్యకారణం. ఉన్న డెక్కులన్నీ పీకెయ్యమని మాత్రం అనలేదు. ఏటా పైన నూనెరంగు పట్టించండి, ఆడుకుని వచ్చిన పిల్లల చేతులు కడగండి అన్నారు. కామేశం గారి పేరు చూసి గర్వపడిన నాకు ఇది చదివి కాసేపు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, ఆయన గుణమూ నిజమే, ఈ దోషమూ నిజమే అనిపించింది. తొందరగా పుచ్చే చెక్కను దశాబ్దాలు నిలబెడితే ఎన్ని చెట్లు నరికే పని తప్పింది! అదే మందు పసిపాప పాకే నేల మీద ఉండకూడదు. సైన్సులో ఒక తరం ఇచ్చిన జవాబు తర్వాతి తరానికి ప్రశ్న అవుతుంది. సిగ్గుపడవలసింది అందులో లేదు.

కొత్త డెక్కుకు కొన్న చెక్కలో ఆర్సెనిక్ లేదు. రాగి ఉంది, పూర్వం కంటే ఎక్కువగా. ప్రతి పలక కొసనా చిన్న చీటీ ఉంటుంది. నేలకు తగలకుండా పైన వాడేదానికి ఒక గుర్తు, నేలను తాకేదానికి ఒక గుర్తు. స్తంభాలకు రెండో రకమే కొనమని చెప్పాను. ఇక మేకుల దగ్గర మళ్లీ తగువు వచ్చింది. బావ దగ్గర ఒక డబ్బా నిండా మామూలు మేకులు ఉన్నాయి. అవి పనికిరావని చెప్పడానికి నేను విద్యుద్రసాయన శ్రేణి అందుకోబోతుంటే నాన్న అడ్డం వచ్చారు.

"ఇందులో ఉన్నది మైలుతుత్తం జాతేనా అమ్మాయ్?"

"అవును నాన్నా, రాగే."

"మరింకేం? బోర్డో మందు ఇనప బకెట్లో కలుపుతామా ఎక్కడైనా?"

నేను నోరు మూసుకున్నాను. కొబ్బరికి మొవ్వు కుళ్లు తెగులు వస్తే మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొడతారు. అది ఇనప పాత్రలో కలపరు. కలిపాక శుభ్రమైన చాకుమొన ముంచి చూస్తారు. మొన మీద ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. పదో తరగతిలో మనమంతా ఇనప మేకును కాపర్ సల్ఫేట్‌లో ముంచి చేసిన ప్రయోగం అదే. ఇనుము కరిగిపోతుంది, రాగి దాని మీద పేరుకుంటుంది. రాగి తాగిన తడి చెక్కలో మామూలు మేకుకు పట్టేదీ అదే గతి. మేం మార్కుల కోసం చేసినది ఆయన ముప్ఫై ఏళ్లుగా కొబ్బరిచెట్ల కోసం చేస్తున్నారు. కాబట్టి జింకు దట్టంగా ముంచినవి గాని, స్టెయిన్‌లెస్ స్టీలువి గాని కావాలి. ఉప్పుగాలి తగిలే తీరంలో స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. ఖర్చెక్కువైనా బావ అవే తెచ్చాడు.

జూన్ చివర్లో పని మొదలైంది. ఆ వడ్రంగికి తెలుగు రాదు, నాన్నకు స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతే. టేపూ పెన్సిలూ చూపించుకుని రోజంతా మాట్లాడుకున్నారు. పుచ్చిన ఇంటి దూలం మార్చారు. కొత్త లెడ్జర్‌ను అర అంగుళం బోల్టులతో, వాషర్లతో ఇంటి చట్రానికి బిగించారు. పైన రేకు వంచి గోడ పలకల కిందికి దూర్చారు, నీరు బయటికే జారేటట్టు. కోసిన ప్రతి కొసకూ రాగి మందు కుంచెతో పూశారు. ఎందుకంటే మందు చెక్క మధ్యదాకా దిగకపోవచ్చు, రంపం పడినచోట పచ్చి చెక్క బయటపడుతుంది. మందు తడి ఆరని పలకలను దగ్గరదగ్గరగా వేశారు, ఆరాక అవి కుంచించి వాటంతట అవే నీళ్లు జారే సందు ఇస్తాయి. స్తంభాలను మట్టిలో పాతకుండా కాంక్రీటు దిమ్మల మీద ఇనప పాదుకల్లో నిలబెట్టారు. వీడియోలో ఆ పాదుకలు చూసి, "మన మండువా స్తంభాలేగా ఇవి!" అంది అమ్మమ్మ.

2024 జూలై 8న బెరిల్ తుఫాను టెక్సాసు తీరం దాటింది. హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. రెండు రోజులు అక్క ఫోను కలవలేదు. ఆ రెండు రోజులూ నేను క్లాసుల్లో ఏం విన్నానో నాకు తెలియదు. మూడో రోజు బావ ఫోను చేశాడు. అంతా క్షేమం. ఇంటి కప్పు పెంకులు కొన్ని లేచిపోయాయి, పక్కింటి కంచె వీళ్ల దొడ్లో పడింది. డెక్కు కదల్లేదు. కరెంటు లేని ఆ ఉక్కపోతలో రాత్రిళ్లు పాపను పెట్టుకుని అందరూ దాని మీదే పడుకున్నారట.

నాన్న సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వచ్చిన వారానికే పశువుల పాక స్తంభాలు ఒక్కొక్కటి ఎత్తించి కింద సిమెంటు దిమ్మలు వేయించారు. దొండ పందిరికి మందు పెట్టిన గుంజలు దొరికితే తెద్దామా అని అడిగితే, "తినే పాదు దగ్గర ఆ మందులెందుకమ్మా" అని అంచుల్లో సిమెంటు స్తంభాలు పాతించి, లోపలికి మాత్రం సరుగుడు ఉంచారు. ఎక్కడ మందు వాడాలో, ఎక్కడ వాడకూడదో ఆయన నా కంటే త్వరగా తేల్చుకున్నారు.

మిత్రులారా, మనలో చాలామందిమి పొలాల నుంచి వచ్చినవాళ్లం. ఇక్కడికి వచ్చాక ఇంటి దగ్గర విన్న మాటలు మోటువని, పుస్తకంలోవే సైన్సు అని లోలోపల ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. నాకూ ఏదో మూల అది ఉండేదేమో. ఆ డెక్కు దగ్గర తట్టి చూసిన చెయ్యి లేకపోతే నా లెక్క పుట్టేది కాదు. ఆర్సెనిక్ గురించి చదివి ఉండకపోతే ఆ చెయ్యే పాషాణపు పొగను ఇంటి ముందు రాజెయ్యనిచ్చేది. రెండూ కావాల్సి వచ్చాయి.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీరూ ఒక పని చెయ్యండి. దూలం గోడలో దూరినచోటా, గుంజ నేలను తాకినచోటా, చెక్కా చెక్కా కలిసినచోటా ఒకసారి చేత్తో తట్టి చూడండి. ఎక్కడి నుంచో తెచ్చిన పాత మందు చెక్కలు పొయ్యి దగ్గర కనపడితే అమ్మకు చెప్పి తీయించండి. ఏ శబ్దం మంచిదో, ఏది కాదో తెలియకపోతే పక్కనే ఉన్న నాన్ననో తాతనో పిలవండి. వాళ్లు చెబుతారు.